తెల్ల కాగితం చూసిన ఇద్దరు

రోజుకు మూడు వేల సార్లు నా రాతలు చదువుతున్నారని ఆరు నెలలపాటు నమ్మాను. ఆ ఆరు నెలలూ కాస్త పొగరుగానే తిరిగాను. దాచడానికి ఏముంది? పొగరెక్కిన మనిషికి దగ్గరివాళ్ళు కనిపించరు. నాకూ కనిపించలేదు. కంచికచర్లలో ఒక మనిషి నాలుగు శుక్రవారాలు వరసగా బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, నా పేజీ తెరుచుకోక, వచ్చిన దారినే ఇంటికి పోయింది. అలా జరగడానికి కారణం ఆ మూడు వేలే. ఆ సంగతి రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేటలో పప్పుల కొట్టు. బస్తాలుగానూ అమ్ముతాం, పొట్లాలుగానూ కడతాం. నాకు చిన్నప్పటి నుంచి లెక్క వచ్చు, రాత రాదు. పుట్టింట్లో ఆడపిల్లకు అంకెలు చాలన్నారు. కాటా ముల్లు చూసి తూకం చెప్పగలను, బస్తా మీద రాసిందేమిటో చెప్పలేను. నలభై ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి, ఏ ఇబ్బందీ లేదనే అనుకున్నాను.

తొంభైల్లో ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడి పెట్టారు. చోటు కావాలంటే మా గోడౌన్ అరుగు ఇచ్చాం. మధ్యాహ్నం మగవాళ్ళు కొట్టు తలుపులు దగ్గరగా వేసి భోజనానికి వెళ్ళే వేళలో బడి. నేను చదువుకుందామని కూర్చోలేదు. అరుగు మాది, లోపల సరుకుంది, ఎవరు ఏం పట్టుకుపోతారో అని కాపలా కూర్చున్నాను. కాపలా కూర్చున్నదానికి అక్షరాలు చెవిలో పడ్డాయి. పడినవి మళ్ళీ బయటికి పోలేదు. నెల తిరక్కుండా పలక నా ఒళ్ళోకి వచ్చింది.

ఆ బడికి మా ఎదురు కొట్టావిడ కూడా వచ్చేది. ఆమెది గాజుల కొట్టు. వీధి వీధంతా ఆమెను గాజుల వదిన అనేది. నాకంటే రెండేళ్ళు చిన్న. పలక పట్టుకుని రోడ్డు దాటాలంటే ఆమెకు సిగ్గు. కొంగు కింద దాచుకుని వచ్చేది. నాకు చదువు గబగబా వచ్చింది, ఆమెకు రాలేదు. అక్షరం కింద వేలు పెట్టేది. ఒక్కొక్క అక్షరాన్నీ పెదాలతో పలికేది. మాట చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి, అప్పుడు మొత్తం మాట పైకి చెప్పేది. ఆమె ఒక వాక్యం చదివేలోపు నేను రెండు పొట్లాలు కట్టేయొచ్చు.

"ఇంత నిదానమైతే ఎట్లా వదినా, పుస్తకం అయ్యేసరికి మనవలొస్తారు నీకు" అన్నాను ఒకరోజు.

"గాజు తొడిగేటప్పుడు తొందరపడితే చెయ్యి తెగుద్ది వదినా. ఇదీ అంతే. మాట విరగకూడదు నాకు" అంది.

అలా విరగకుండానే నేర్చుకుంది. తరవాత కొన్నేళ్ళకు ఆమె భర్త పోతే కొట్టు తీసేసి, కంచికచర్లలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు తొడిగి, "కార్డు రాయి. రాకపోతే నేర్చుకున్నదంతా పోద్ది నాకు" అంది. రాశాను. వారానికొకటి ఆమె రాసేది, వారానికొకటి నేను రాసేదాన్ని. ఆమె కార్డులో ఆరేడు వాక్యాలకు మించి ఉండవు. ప్రతి అక్షరం గుండ్రంగా, గాజులు పేర్చినట్టు ఉంటుంది. నా అక్షరాలు పప్పు ఒలికినట్టు ఉంటాయి.

రెండు వేల సంవత్సరం దాటాక మా ఇంటికి కోడలొచ్చింది. నందిగామలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రం అయిదింటికి దిగుతుంది. ఆ పిల్ల ఒకరోజు బీరువాలో ఏదో వెతుకుతూ నా నోటు పుస్తకాలు చూసింది. నేను తోచినప్పుడల్లా రాసుకునేదాన్ని. పాత కందిపప్పు ఎట్లా కనిపెట్టాలో, మా అత్తగారు పోయిన రోజు ఏం జరిగిందో, గోడౌన్ అరుగు మీద బడి ఎట్లా సాగిందో, ఇట్లాంటివి. నన్నడక్కుండా నిలబడే సగం చదివేసింది.

"అత్తయ్యా, ఇవి నలుగురూ చూసేటట్టు ఇంటర్నెట్‌లో పెడదామా?" అంది.

"ఎవరు చూస్తారే వీటిని?"

"చూసేవాళ్ళు చూస్తారు. పెడితే కదా తెలిసేది."

తెలుగు టైపు చేస్తే చాలా కంప్యూటర్లలో అక్షరాల బదులు డబ్బాలు పడుతున్నాయట. అందుకని టైపు చేయలేదు. పుస్తకంలో కాగితాలనే కాలేజీలో స్కానర్ మీద పెట్టి ఫోటోలు తీసింది. నా చేతిరాత, నా కొట్టివేతలు, ఒకచోట పడిన నూనె మరకతో సహా పెట్టింది. ఎక్కడో హైదరాబాదులో అద్దెకిచ్చే పెద్ద కంప్యూటరు ఉంటుందని, దాన్ని సర్వరు అంటారని, అందులో మనకో అర తీసుకున్నామని చెప్పింది. ఎవరైనా మన పేజీ అడిగితే సర్వరు ఆ ఫోటోను వాళ్ళదాకా మోసుకెళ్ళి చూపిస్తుంది. నెలకు ఇంత మోత అని ఒప్పందం. ఆ మోత నిండిపోతే మళ్ళీ ఒకటో తేదీ దాకా తలుపు వేసేస్తారు. ముక్త్యాల సిమెంటు లారీలు రోజూ మా కొట్టు ముందునుంచే పోతాయి. లారీకి ఇన్ని టన్నులని ఉన్నట్టే ఇదీ అనుకుంటే నాకు తేలిగ్గానే అర్థమైంది.

కోడలు బస్సు దిగే వేళకు నేను అరుగు మీద నిలబడేదాన్ని. "ఎంతమంది?" అని అడిగేదాన్ని. ఎనిమిది అనేది. మర్నాడు పదకొండు అనేది. ఒకరోజు ఆరే. రెండు నెలలు ఇట్లా నడిచాక అంకె పెరిగింది. మూడు వందలు, తొమ్మిది వందలు, పదిహేను వందలు, చివరికి మూడు వేలు.

"ఎవరే ఇంతమంది?" అన్నాను.

"ఇన్నిసార్లు పేజీలు తెరిచారని లెక్క అత్తయ్యా. ఎక్కువ ఒకే అడ్రస్ నుంచి వస్తున్నాయి" అంది, చెప్పులు విడుస్తూ.

"ఒకే మనిషా?"

"ఒకే అడ్రస్."

"అయితే మనకొక వాడుక మనిషి దొరికాడన్నమాట."

కోడలు ఏదో చెప్పబోయి ఊరుకుంది. నేను అడగలేదు. కొట్టు పెట్టుకున్నవాళ్ళకు వాడుక మనిషంటే ఏమిటో నాకు తెలుసు. పది కొట్లు దాటి మన కొట్టుకే వచ్చేవాడు. వాడి కోసం మంచి సరుకు పక్కన పెడతాం, రెండు రోజులు రాకపోతే కబురు పెడతాం. పేరూ ఊరూ తెలియని ఒకడు నా కోసం అలా రోజూ వస్తున్నాడంటే ఒళ్ళు ఆగుతుందా? వాడి కోసం ఒక కాగితం రాసి పెట్టించాను. ఇట్లా రాశాను: 'అయ్యా, మీరెవరో రోజూ వస్తున్నారు. సంతోషం. మీ ఇంట్లో అందరూ కులాసాయేనా? మీకు ఏది నచ్చిందో చెబితే అలాంటివి ఇంకా రాస్తాను. ఎండలో వచ్చి ఉంటే కాసిని మంచినీళ్ళు తాగి చదవండి.' కోడలు దాన్ని సంచీలో పెట్టుకుంటూ తల వంచుకుంది. నవ్వుతోందనుకున్నాను.

ఆ రోజుల్లోనే నేను ఒక తప్పు చేశాను. గాజుల వదిన కార్డుకు జవాబు రాస్తూ, 'ఇక నేను రాసేదంతా కంప్యూటర్లోనే ఉంటుంది. నీ కూతుర్ని అడిగి ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి చూసుకో. మళ్ళీ విడిగా కార్డెందుకు?' అని రాశాను. రోజూ మూడు వేల సార్లు నన్ను చదువుతుంటే ఒక్క మనిషి కోసం కార్డు ముక్క మీద ఇరుకిరుగ్గా రాయడం నాకు చిన్నతనమైంది. అదే నేను రాసిన చివరి కార్డు. ఆమె నుంచి జవాబొచ్చింది. 'శుక్రవారం శుక్రవారం వెళ్ళి చూస్తా' అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంది.

నాలుగు నెలలకు, నెలాఖరులో, ఇంకో కార్డు వచ్చింది.

'వదినా, నాలుగు శుక్రవారాలు వెళ్ళా. నీ పేజీ రాలేదు. తెర మీద ఇంగ్లీషులో ఏదో ఉంది. సెంటర్లో అమ్మాయి మూసేశారు మామ్మా అంది. ఎందుకు మూసావు. ఒంట్లో బాగాలేదా. నా మీద కోపమా. కోపమైతే కార్డు రాయి. కోపంగానే రాయి.'

ఆ కార్డు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆ నెలంతా నేను అడిగినప్పుడల్లా కోడలు "బాగానే ఉంది అత్తయ్యా" అనడమే తప్ప అంకె చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం ఆ పిల్ల బస్సు దిగి రాగానే టీ గ్లాసుతో పాటు కార్డు కూడా ముందు పెట్టాను. చదివింది. టీ అలాగే వదిలేసింది.

"పేజీ మూసేసి ఉందా?" అన్నాను.

"ఉంది."

"ఎప్పటి నుంచి?"

"ఈ నెల మూడో తేదీ నుంచి. మోత నిండిపోయింది. పోయిన నెల దాకా మోత దాటినా చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు, ఇప్పుడు వదలడం లేదు."

"నెల మోత మూడు రోజుల్లో ఎట్లా నిండుద్ది?"

"రేపు చెప్తా అత్తయ్యా. కాగితం మీద చూపిస్తా. నోటితో చెబితే మీరు నమ్మరు" అంది.

మర్నాడు కాలేజీ నుంచి ఒక కట్ట తెచ్చింది. అంచులకు చిల్లులున్న పొడుగు కాగితం, మడతలు మడతలుగా ఉంది. వచ్చినవాళ్ళ పట్టిక అంది. దాని పేరు లాగ్ అట. ఎవరు పేజీ అడిగినా సర్వరు ఒక వరస రాసుకుంటుంది. మొదట వాళ్ళ అడ్రస్, చుక్కలు పెట్టి విడగొట్టిన నాలుగు అంకెలు. తరవాత టైము. తరవాత ఏ పేజీ అడిగారో. ఇంగ్లీషు నాకు రాదు కాని అంకెలు నాకు పుట్టినప్పటి నుంచి తెలిసినవే. కట్టను అరుగు మీద పరిచి పెన్సిలు తీసుకున్నాను. మొదటి వరసలో నాలుగు అంకెలు చూసుకుని, ఎక్కడెక్కడ అవే ఉంటే అక్కడ గీత పెట్టుకుంటూ పోయాను. ఒక మడత అయింది, రెండోది అయింది. అన్నీ గీతలే. చేట నిండా పప్పులో అక్కడొక రాయి ఇక్కడొక రాయి కనిపించినట్టు, మడతకు ఒకటి రెండు వేరే అంకెలున్నాయి.

"ఆ వేరేవి మనుషులు" అంది కోడలు.

"మరి ఇతను?"

"టైము చూడండి. ఒక్క సెకనులో ఆరు పేజీలు తీసుకున్నాడు. సెకనంటే మీరు 'వదినా' అనేలోపు. మనిషెవరైనా అట్లా చదువుతాడా? అది ప్రోగ్రామ్ అత్తయ్యా. ఎవరో ఎక్కడో రాసి వదిలేసింది. ఉన్న పేజీలన్నీ తీసుకుపోద్ది, మళ్ళీ మొదటికొచ్చి మళ్ళీ తీసుకుపోద్ది. వదిలినవాళ్ళకి కూడా గుర్తుందో లేదో."

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"అంకె పెరిగిన మొదటి నెల నుంచే."

"మరి చెప్పలేదేం?"

"నేను బస్సు దిగేసరికి మీరు అరుగు మీద నిలబడి ఉంటారు. ఎంతమంది అంటారు. మూడు వేలని చెప్పిన నోటితో మళ్ళీ ఎనిమిదని ఎట్లా చెప్పను? ఒకసారి చెబుదామనుకున్నా. ఆ రోజే మీరు అతనికి మంచినీళ్ళు తాగమని రాసి ఇచ్చారు."

"ఎనిమిదైతే ఎనిమిదనే చెప్పాలి. తప్పు తూకం చెప్పే ఇల్లు కాదు మనది" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. నేను చూడనట్టు టీ గ్లాసు తీసుకుని లోపలికి పోయాను. లోపల గ్లాసు కడగడానికి చాలాసేపు పట్టింది.

తిరిగొచ్చేసరికి కోడలు కట్ట మడిచి పెడుతోంది. "రేపు బుధవారం, ఒకటో తేదీ. పేజీ మళ్ళీ తెరుస్తారు. ఇది ఇట్లాగే వస్తే శుక్రవారం పొద్దునకల్లా మళ్ళీ నిండిపోయి మూతపడుద్ది. గాజుల అత్తయ్య వెళ్ళేది శుక్రవారమే కదా. రేపు తెరవగానే ఆ అడ్రస్ ఆపేస్తా. మిగతావాళ్ళు మామూలుగా రావచ్చు. ఈ ఒక్క అడ్రస్ అడిగితే మాత్రం సర్వరు ఏమీ ఇవ్వదు" అంది.

"ఒక్క రోజు ఆగు" అన్నాను.

ఎందుకాగమన్నానో నిజం చెబుతాను. ఇంకా నాకు ఆశ చావలేదు. ప్రోగ్రామైనా వెనక ఎవరో ఒక మనిషి ఉండి చదువుతున్నాడేమో, వేగంగా తీసుకుని తరవాత తీరిగ్గా చూసుకుంటాడేమో అనుకున్నాను. కొట్టుకొచ్చిన మనిషిని తెలుసుకోకుండా పొమ్మనడం నా వల్ల కాలేదు.

మా మామగారు కొత్త దళారి ఎవరైనా వస్తే ఒక పని చేసేవారు. ఒకే బస్తాలోంచి తీసిన కందిపప్పును రెండు పళ్ళేల్లో పోసి, "ఏది మేలు రకం చెప్పండి" అనేవారు. సరుకు తెలిసినవాడైతే నవ్వేవాడు. తెలియనివాడు ఒక పళ్ళేన్ని పొగిడేవాడు. నాకు అది గుర్తొచ్చింది. నోటు పుస్తకంలో చివర మిగిలిన ఖాళీ కాగితం ఒకటి చూపించి, "దీన్ని ఫోటో తీసి, అన్నిటికీ చివర పెట్టు" అన్నాను.

"ఇందులో ఏమీ రాయలేదు కదా అత్తయ్యా."

"అందుకే. మనిషైతే ఒకసారి చూసి ఇదేంటని వెళ్ళిపోతాడు. మళ్ళీ మళ్ళీ తెరవడు. చూద్దాం."

కోడలికి భయంగానే ఉంది. ఒక రోజు ఆగితే ఎంత మోత పోతుందో ఆమెకు తెలుసు. అయినా బుధవారం పొద్దున్నే తెల్ల కాగితం పెట్టింది. గురువారం కాలేజీకి సెలవు పెట్టి, కొట్టు పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, లాగ్ తెరిచి, ఒక చీటీ మీద మూడు లెక్కలు రాసి నా చేతికిచ్చింది. నిన్నటి నుంచి ఆ అడ్రస్ ఏ పేజీ ఎన్నిసార్లు తీసుకుందో అందులో ఉంది.

మా అత్తగారు పోయిన రోజు గురించి రాసిన పేజీ, రెండు వందల పదకొండు. మంచినీళ్ళు తాగి చదవండి అని అతనికే రాసిన పేజీ, రెండు వందల పదకొండు. తెల్ల కాగితం, రెండు వందల పదకొండు.

ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. మా అత్తగారి పేజీ రాయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. చివరి రోజు ఆమె నన్ను దగ్గరికి పిలిచి, కొట్టు తాళంచెవి నా బొడ్లో దోపిన సంగతి అందులో ఉంది. అదీ, ఏమీ లేని కాగితమూ అతనికి ఒకటే. నేను ఆ చీటీని మడిచి బొడ్లో దోపుకున్నాను.

"ఆపేసెయ్" అన్నాను.

గదిలో ఫోను వైరు కంప్యూటరుకు తగిలించి ఉంది. అది కలిసేటప్పుడు చేసే కీచు చప్పుడు కొట్టు దాకా వినిపిస్తుంది. కోడలు సర్వరులో ఒక ఫైలు తెరిచింది. అందులో ఒక్క వరస రాస్తే చాలట, ఈ అడ్రస్‌కు తలుపు తీయొద్దని. "అంకెలు మీరు చదవండి అత్తయ్యా, నేను కొడతా. ఒక్క అంకె తప్పితే ఇంకెవరికో తలుపు మూసినట్టవుద్ది" అంది. నేను లాగ్ కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివాను. ఆమె కొట్టింది. తరవాత ఆమె చదివింది, నేను వేలు పెట్టి సరిచూశాను. గాజుల వదిన చదివినట్టే చదివామని తరవాత తోచింది.

"పక్క నంబర్లు కూడా కలిపి ఆపేయమంటారా? ఒక్కోసారి ఇది పక్క నంబరు నుంచి మళ్ళీ వస్తది" అంది.

"వద్దు. ఒకడు చేసినదానికి వీధంతా తలుపులెందుకు వేయడం? వస్తే అప్పుడు చూద్దాం."

"ఇక అది వస్తే అనుమతి లేదని ఇంగ్లీషులో ఒక ముక్క కనిపిస్తుంది."

"అనుమతి లేదనేంటే, పోలీసు స్టేషన్లాగా? మనం కొట్లో ఎవర్నయినా పొమ్మన్నామా ఎప్పుడైనా? 'ఇక్కడ చోటు చాలదండీ, వెళ్ళిరండి' అని పెట్టు."

"అది చదవదు అత్తయ్యా."

"అది చదవకపోతే పోయింది. మన గుమ్మంలో ఉండే మాట మనది కదా."

కోడలు నవ్వింది. వారం రోజుల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. ఆ ముక్క కూడా పెట్టింది. పెట్టాక లాగ్ చూపించింది. అతను వస్తూనే ఉన్నాడు. తడుతున్నాడు, ఆ ఒక్క వాక్యం పుచ్చుకుంటున్నాడు, మళ్ళీ తడుతున్నాడు. ఫోటోలు మోసుకెళ్ళే పని లేదు కాబట్టి మోత లేదు. మిగిలిన కాస్త మోతా మనుషులకు నెలంతా సరిపోతుందంది. నాకు అతని మీద కొంచెం జాలేసింది.

శుక్రవారం సాయంత్రం కోడలు బస్సు దిగేసరికి అరుగు మీద నిలబడ్డాను కాని ఏమీ అడగలేదు.

"అడగరా?" అంది.

"ఎంతమంది?"

"తొమ్మిది."

సంచీలోంచి ఒక్క కాగితం తీసి ఇచ్చింది. కట్ట లేదు. అతని వరసలు తీసేసి మనుషులవి మాత్రమే ప్రింటు తీసిందట. ఎనిమిది మంది ఒకటి రెండు పేజీలు చూసి వెళ్ళారు. ఒక అడ్రస్ మాత్రం పదిన్నరకు వచ్చింది. ఒక పేజీ తెరిచాక రెండోది తెరవడానికి తొమ్మిది నిమిషాలు. రెండోదాని మీద పన్నెండు నిమిషాలు. మా అత్తగారి పేజీ మీద పావుగంట. గోడౌన్ అరుగు మీద బడి గురించి రాసినదాని మీద ఇరవై రెండు నిమిషాలు.

"ఇంత నిదానంగా ఎవరు చదువుతారు? తెరిచిపెట్టి ఎటో వెళ్ళి ఉంటారు" అంది కోడలు. "అడ్రస్ చూసి ఏ ఊరో చెప్పలేం."

"నాకు తెలుసు ఏ ఊరో" అన్నాను.

ఆ నిమిషాల మీద వేలు పెట్టి చూస్తుంటే ఆమె వేలు కనిపించింది నాకు. తెరకు దగ్గరగా వంగి, అక్షరం కింద వేలు పెట్టి, మాట చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి. సెంటర్లో అమ్మాయి టైమవుతుందని చెబుతున్నా వినకుండా. నా కొట్టివేతల దగ్గర కూడా ఆగి, కింద ఏముందో చూసే ఉంటుంది. మూడు వేలు చూసినప్పుడు నాకు ఒక్కసారి కూడా ఇట్లా ఒక మనిషి కనిపించలేదు.

కాగితం అడుగున ఇంకో మూడు వరసలున్నాయి. మూడూ ఆమె అడ్రస్సే, మూడూ ఒకే పేజీ.

"ఇదేంటి?" అన్నాను.

కోడలు చూసి నాలుక కరుచుకుంది. "తెల్ల కాగితం అత్తయ్యా. తీసేయడం మర్చిపోయాం."

మొదటిసారి తెరిచాక నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ తెరిచింది. మళ్ళీ నాలుగు నిమిషాలు ఆగి మూడోసారి తెరిచింది. అతను రెండు వందల పదకొండుసార్లు తీసుకున్న కాగితం అదే.

ఆ సాయంత్రమే కార్డు కోసం వెతికితే ఇంట్లో ఒక్కటీ లేదు. నాలుగు నెలలుగా కొనలేదు. శనివారం పోస్టాఫీసుకు వెళ్ళే తీరిక దొరకలేదు. సోమవారం నేను వెళ్దామని చెప్పులేసుకుంటుంటే పోస్టుమాన్ వచ్చి ఆమె కార్డిచ్చాడు. అవే గుండ్రటి అక్షరాలు.

'వదినా, పేజీ వచ్చింది. అన్నీ చదివా. అరుగు మీద బడి రెండుసార్లు చదివా. నేను పలక కొంగు కింద దాచిన సంగతి రాసావు, నాకు సిగ్గేసింది, బాగుంది. చివర తెల్ల కాగితం ఉంది. సరిగ్గా రాలేదేమోనని మళ్ళీ తెరిపించా. మూడుసార్లు చూసా. ఏం రాద్దామని ఆగావు. రాయలేనిదయితే రాయొద్దులే. ఒంట్లో బాగుంటే చాలు.'

కోడల్ని పిలిచి చదివించాను. చదివి, "పేజీలోంచి ఆ కాగితం తీసేయనా?" అంది.

తీసేయమన్నాను. నోటు పుస్తకంలోంచి కూడా ఆ కాగితాన్ని దారం దగ్గర జాగ్రత్తగా చింపాను. దాని మీదే రాశాను, రెండు వైపులా. కోపం లేదని రాశాను. కార్డు మానేయడం నా పొగరని రాశాను. మూడు వేల మంది అనుకున్నది ఎవరో, ఎట్లా ఆపేశామో రాశాను. ఆకుపచ్చ గాజుల్లో నాలుగే మిగిలాయని, వచ్చినప్పుడు తొడగాలని రాశాను. ఆమె చదవడానికి వీలుగా ఒక్కొక్క అక్షరం నిదానంగా, గుండ్రంగా రాయడానికి చూశాను. అయినా కొన్ని ఒలికాయి.

"దీన్ని స్కాన్ చేద్దామా అత్తయ్యా? చాలా బాగుంది" అంది కోడలు.

"వద్దు" అన్నాను. కవరులో పెట్టి, అంటించి, నేనే వెళ్ళి పోస్టు చేశాను.